అత్తగారి గొలుసు దీపం ఏ కప్పుకి కట్టాలి?

పర్లాకిమిడి నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. ఉత్తరం సారాంశం ఇది.

వాళ్ల అత్తగారికి పెళ్లినాడు గుణుపురంలోని పుట్టింటివారు ఇత్తడి గొలుసు దీపం ఒకటి ఇచ్చారు. గొలుసు మూడడుగుల పొడవు. దీపం తూకం 6 కిలోల 800 గ్రాములు. ఇంటి వెనక భాగం తాతలనాటి పెంకుటిల్లు, గుగ్గిలం (సాల) చెక్క దూలాలు. ముందు భాగం 1998లో పోసిన స్లాబు, హాల్లో రెండేళ్ల కిందట ఫాల్స్ సీలింగ్ చేయించారు. దీపం మొదట్లో వెనక నడిమింట్లో వేలాడేది. 2018లో తిత్లీ తుపానుకు పెంకులు లేచిపోయి, దూలం ఒక చివర వారం రోజులు నానింది. అప్పుడు దించిన దీపం మళ్లీ ఎక్కలేదు.

ఈ ఏడు భర్తగారు దానికి బల్బు పెట్టించి హాల్లో వేలాడదీద్దామన్నారు. మిస్త్రీ వచ్చి ఫాల్స్ సీలింగ్‌కే రంధ్రం చేసి, ప్లాస్టిక్ గట్టా (స్క్రూ పట్టుకోవడానికి రంధ్రంలో దూర్చే ప్లగ్గు) దిగ్గొట్టి, కొక్కెం బిగించి వెళ్లాడు. రెండో రోజుకి కొక్కెం చుట్టూ వెంట్రుకల్లాంటి పగుళ్లు వచ్చాయి, కింద నేల మీద తెల్లటి పొడి రాలింది. హాల్లో ఏడేళ్ల బాబు, నాలుగేళ్ల పాప ఆడుకుంటారు. ఈవిడ భయపడి దీపాన్ని దించి గోనెసంచిలో చుట్టి పెట్టేశారు. ఆ రాత్రి అత్తగారు అన్నం ముట్టలేదు. "నా దీపం మీ కంటికి బరువైపోయింది" అన్నారట. ఆవిడకు దీపం నడిమింట్లోనే, పాత దూలానికే, నూనె పోసే వెలగాలి. భర్త హాల్లోనే అంటారు. మరిది పడకగదిలో ఫ్యాను తీసేసి ఆ కొక్కేనికి కట్టేద్దాం, ఖర్చుండదు అంటాడు.

"దీపం వద్దని నేను అనలేదు. పిల్లల నెత్తిన పడుతుందేమోనని నా భయం. ఆ మాట ఎలా చెప్పినా కోడలి వంకలాగే వినిపిస్తోంది. కార్తీకం ఇరవై రోజుల్లో వస్తోంది. ఎవరి మాట వినమంటారు?" అని ముగించారు.

అమ్మా,

ముందుగా ఒక మాట. మీరు దీపం దించి మంచి పని చేశారు. ఆ తెల్ల పొడి రాలడమే మీ భయానికి సాక్ష్యం. ఇంకొన్నాళ్లు ఉంటే గట్టా మొత్తం ఊడి వచ్చేదేమో.

ఎందుకో వివరంగా చెబుతాను, మీవారికి కూడా చదివి వినిపించండి. హాల్లో మీకు పైన కనిపిస్తున్నది కప్పు కాదు, కప్పు కింద కట్టిన తెర. ఫాల్స్ సీలింగ్ జిప్సం బోర్డు మామూలుగా 12.5 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. అంటే అరంగుళం. దాన్ని పల్చటి రేకు చానెళ్లకు స్క్రూలతో బిగిస్తారు, ఆ చానెళ్లను స్లాబు నుంచి రేకు పట్టీలతో వేలాడదీస్తారు. ఈ ఏర్పాటంతా తన బరువు తాను మోసుకోవడానికీ, చిన్న చిన్న గుండ్రటి లైట్లు పెట్టుకోవడానికీ చేసినది. ప్లాస్టిక్ గట్టా పని చేసేది చుట్టూ ఉన్న గోడను లోపలి నుంచి ఒత్తి పట్టుకుని. ఇటుకా కాంక్రీటూ ఆ ఒత్తిడికి ఎదురు నిలుస్తాయి. జిప్సం లోపల సుద్ద లాంటిది, ఒత్తితే పొడి అవుతుంది. మీ నేల మీద రాలింది అదే. పైగా గోడకి గట్టా వేసినప్పుడు బరువు స్క్రూకి అడ్డంగా పడుతుంది. కప్పుకి వేస్తే బరువు స్క్రూని నేరుగా బయటికి లాగుతుంది. అందుకే గట్టి స్లాబులో అయినా సరే, తలపైన వేలాడే బరువుకి ప్లాస్టిక్ గట్టా వాడకూడదు.

ఇక మీ ప్రశ్న. ముగ్గురు మూడు చోట్లు చెబుతున్నారు. మూడింటినీ ఒకే ప్రశ్న అడగండి: ఈ కొక్కెం ఎంత బరువుకి నిలుస్తుంది? జవాబు ఎవరి నోటి నుంచీ రానక్కర్లేదు. 20 లీటర్ల మంచినీళ్ల క్యాను ఒకటీ, 10 లీటర్ల బక్కెట్టు ఒకటీ చాలు.

లెక్క ఇది. దీపాన్ని గొలుసుతో కలిపి తూచారో లేదో మీరు రాయలేదు. కిరాణా కొట్టు కాటా మీద గొలుసుతో సహా మళ్లీ తూయించండి. దీపం గిన్నెలో పావు లీటరు పైన నూనె పడితే అది మరో పావు కిలో. అన్నీ కలిపి 8 కిలోలనుకుందాం. మీ బాబు ఏదో ఒక రోజు కుర్చీ ఎక్కి గొలుసు పట్టుకుని ఊగుతాడు. ఊగడని అనుకోవడం పొరపాటు. ఏడేళ్ల పిల్లాడు 20 కిలోలు దాటి ఉంటాడు. కాబట్టి కొక్కెం మోయాల్సింది 8 కిలోలు కాదు, దానికి నాలుగు రెట్లు, 32 కిలోలు. నిండు క్యాను 21 కిలోల దాకా, నిండు బక్కెట్టు పదిన్నర దాకా తూగుతాయి. రెండూ కలిపి గట్టి నైలాన్ తాడుతో కొత్త కొక్కేనికి కట్టండి. నేల నుంచి మూడు నాలుగు అంగుళాల ఎత్తులోనే వేలాడాలి, కొక్కెం ఊడినా పడేది అంతే దూరం. కింద బొంత పరచండి, పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి. ఒక పగలూ ఒక రాత్రీ ఉంచండి. తాడు కట్టగానే కొక్కెం పక్కన పెన్సిలుతో గీత గీసి పెట్టుకుంటే, మర్నాడు అది ఒక్క నూలు కిందికి దిగినా తెలుస్తుంది. దిగితే ఆ చోటు పనికిరాదు.

ఇప్పుడు ఒక్కో చోటూ చూద్దాం.

అత్తగారు అడిగే నడిమిల్లు. ఇక్కడ చాలామంది దూలాన్ని చూసి భయపడతారు కానీ, పెంకుల బరువంతా మోస్తున్న గుగ్గిలం దూలానికి 8 కిలోలు లెక్కలోనిది కాదు. చూడాల్సింది నానిన చివర. నిచ్చెన వేసుకుని, దూలం గోడలో కూర్చున్న చోట సన్నటి స్క్రూడ్రైవరుతో గుచ్చి చూడండి. మంచి గుగ్గిలంలో మొన దిగనే దిగదు, గీత పడుతుంది అంతే. పావంగుళం సులువుగా దిగినా, చెక్క పొరలుగా ఊడినా, చెదలు మట్టి బారు కనిపించినా లోపల పుచ్చు పట్టిందని అర్థం. తరవాత దూలం అడుగున ఈ చివర నుంచి ఆ చివరకి నూలు దారం బిగించి పట్టండి. మధ్యలో దారాన్ని దూలం కిందికి ఒత్తుతుంటే దూలం వంగిందన్నమాట. ఈ రెండిట్లో ఏది కనిపించినా దీపం సంగతి పక్కన పెట్టి ముందు వడ్రంగిని పిలవండి. అప్పుడది పైకప్పు ప్రమాదం, ఆ గదిలో ఎవరూ పడుకోకూడదు.

దూలం గట్టిగా ఉంటే, పాత ఇనప కొక్కేన్ని మాత్రం వాడకండి. బయట తుప్పు తక్కువ కనిపించినా చెక్కలోకి దిగిన భాగం ఎంత మిగిలిందో చూసే వీలు లేదు. అన్నిటికన్నా మంచిది దూలానికి రంధ్రమే పెట్టకుండా పట్టా చుట్టడం. అంగుళం వెడల్పు, 5 మిల్లీమీటర్ల మందం ఉన్న ఇనప పట్టీని దూలం కొలతకి కమ్మరి దగ్గర వంపించి, రెండు ముక్కలుగా చేయించి, బోల్టులతో బిగించాలి. కింద ముక్కకి మూసి ఉన్న రింగు వెల్డింగ్ చేయించాలి. దూలం మీద వాసాల మధ్య ఖాళీలోంచి పై ముక్క దూరుతుంది. ఈ పట్టా రేపు ఎప్పుడు కావాలన్నా విప్పి తీసేయవచ్చు, దూలం చెడదు.

పట్టా పట్టే చోటు లేకపోతే రెండో దారి రింగు స్క్రూ. 8 మిల్లీమీటర్ల స్క్రూకి ముందుగా 6 మిల్లీమీటర్ల రంధ్రం చేయాలి, మర కనీసం రెండంగుళాలు చెక్కలోకి దిగాలి, మరకి కాస్త సబ్బు రాస్తే సాఫీగా తిరుగుతుంది. గుగ్గిలానికి ముందు రంధ్రం చేయకుండా స్క్రూ తిప్పితే చెక్క చీలుతుంది, లేదా స్క్రూ మెడ తెగుతుంది. తెరిచి ఉన్న కొక్కెం వద్దు, మూసి ఉన్న రింగే కావాలి. తెరిచిన కొక్కెం బరువుకి కాస్త కాస్త విచ్చుకుంటుంది, పిల్లలు ఎగరేసినప్పుడు గొలుసు తప్పుకుంటుంది కూడా.

అక్కడ నూనె దీపం వెలుగుతుంది కాబట్టి మంట గురించి కూడా ఆలోచించాలి. ఒత్తి మొనకీ దూలానికీ మధ్య కనీసం మూడడుగులు ఉండాలి. మీ దూలం తొమ్మిదడుగుల ఎత్తులో ఉందన్నారు. మంట అయిదడుగుల దగ్గర ఉంటే నాలుగడుగుల ఎడం దొరుకుతుంది. మూడడుగుల గొలుసుకి అంత ఎత్తు కుదరకపోతే కింద మరో నాలుగు లంకెలు కలపాలి. పైన సాలెగూళ్లు, ఎలకలు తెచ్చిపెట్టిన గడ్డీ గుడ్డపీలికలూ ముందే దులపండి. నిప్పురవ్వకి మొదట అంటుకునేవి అవే. ఇంకో ఇబ్బంది ఏమిటంటే అయిదడుగుల ఎత్తులో దీపం గది మధ్యన వేలాడితే నడిచేవాళ్ల తలకు తగులుతుంది. పట్టాని దూలం వెంట దేవుడి పీట ఉన్న వైపు జరిపి కట్టండి. కింద పీట ఉంటుంది కాబట్టి ఎవరూ దీపం కిందుగా నడవరు. పీట మీద ఒక ఇత్తడి పళ్లెం పెట్టండి. ఒత్తుల వెంట కారే నూనె నేల మీద పడితే జారి పడేది మొదట అత్తగారే.

మీవారు అడిగే హాలు. ఇదీ సాధ్యమే, కానీ దీపం పట్టుకోవాల్సింది స్లాబుని. ఫాల్స్ సీలింగ్‌లోని ఒక గుండ్రటి లైటు తీసి టార్చి వేసి చూడండి. స్లాబు ఎంత పైన ఉందో, పైపులు ఎటు వెళుతున్నాయో, స్లాబు అడుగు ఎలా ఉందో కనిపిస్తుంది. తుప్పు మరకలు, అయిదారు అంగుళాల ఎడంతో బారులు తీరిన పగుళ్లు, పెచ్చులు ఊడిన జాగాలు ఉంటే లోపల ఊచలు తుప్పు పడుతున్నాయని గుర్తు. అలాంటి చోట ఏమీ వేలాడదీయకూడదు. చిన్న సుత్తి వెనక భాగంతో తట్టితే గట్టి కాంక్రీటు ఖణేలుమంటుంది, విడిపోయిన పెచ్చు డొల్లగా మోగుతుంది.

స్లాబు బాగుంటే 8 లేదా 10 మిల్లీమీటర్ల స్టీలు ఫాస్టనర్ (బిగించేకొద్దీ రంధ్రంలో విచ్చుకుని కాంక్రీటును పట్టే బోల్టు) వాడాలి. డ్రిల్లు బిట్టు సైజు ఫాస్టనర్ పెట్టె మీద రాసి ఉంటుంది. బోల్టు సైజూ రంధ్రం సైజూ అన్ని రకాలకీ ఒకటి కాదు, మిస్త్రీలు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. రంధ్రం ఒక్క మిల్లీమీటరు పెద్దదైనా ఫాస్టనర్ లోపల తిరుగుతూ ఉంటుంది, పట్టదు. లోతు కొలిచేటప్పుడు ప్లాస్టరింగ్ మందాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. బిట్టుకి టేపు చుట్టి లోతు గుర్తు పెట్టుకుని, రంధ్రం చేశాక గాలి ఊది పొడి మొత్తం తీయాలి. పొడి మిగిలితే ఫాస్టనర్ కాంక్రీటును పట్టడం మాని పొడిని పట్టుకుంటుంది. కళ్లకు అద్దాలు తప్పనిసరి, తలెత్తి డ్రిల్లు చేస్తుంటే పొడి అంతా కళ్లలోనే పడుతుంది.

బిట్టు ఊచకి తగిలితే దిగడం ఆగి, ఇనుము మోత వస్తుంది. బలవంతం చేయకుండా రెండు మూడంగుళాలు పక్కకి జరిగి కొత్త రంధ్రం చేయాలి, పాతదాన్ని సిమెంటుతో పూడ్చాలి. సగం లోతు రంధ్రంలో ఫాస్టనర్ బిగించి "సరిపోతుందిలెండి" అంటే ఒప్పుకోకండి. ఫ్యాను పాయింటు నుంచి స్విచ్ బోర్డు గోడ వైపు వెళ్లే గీత మీద రంధ్రం పెట్టకండి, స్లాబులో వైరు పైపులు ఆ దారినే ఉంటాయి. నట్టుని చేత్తో బిగిసినంత బిగించి, ఆపైన స్పానర్‌తో మూడు నుంచి అయిదు చుట్లు. అంతకన్నా తిప్పితే మర అరిగిపోతుంది.

ఫాస్టనర్ నుంచి మర ఊచ ఒకటి దించి, ఫాల్స్ సీలింగ్‌లో ఊచ కన్నా పెద్ద రంధ్రం చేసి, ఊచ జిప్సాన్ని ఎక్కడా తాకకుండా కిందికి తీయాలి. ఆ రంధ్రం మూయడానికి ఇత్తడి గిన్నె మూత దొరుకుతుంది. దీపం అడుగు నేల నుంచి ఏడడుగులు ఉండాలి. మీ హాలు ఎత్తుకి మూడడుగుల గొలుసు ఎక్కువ, కొన్ని లంకెలు తీయించాలి. లేదా కింద బల్ల ఒకటి శాశ్వతంగా ఉంచాలి.

హాల్లో పెడితే బల్బే. నూనె వద్దు, ఫాల్స్ సీలింగ్ కింద మంట పెట్టకూడదు. అలాగే ఒకే దీపంలో బల్బూ నూనే రెండూ పెడదామని ఎవరైనా రాజీ చెబితే ఒప్పుకోకండి. మామూలు వైరు తొడుగు 70 డిగ్రీల దాకా తట్టుకునేది. మంట పక్కన అది కరిగి, లోపలి రాగి ఇత్తడికి తగిలితే దీపం మొత్తం కరెంటు అవుతుంది. దీపం ఇత్తడిది కాబట్టి మూడు తీగల వైరు కావాలి, పచ్చ తీగని దీపం లోహానికి స్క్రూతో బిగించాలి. పర్లాకిమిడి మిస్త్రీ అయినా బరంపురం మిస్త్రీ అయినా "లైటుకి ఎర్తు ఎందుకండీ" అంటాడు. ప్లాస్టిక్ హోల్డరుకి అక్కర్లేదు, ఇత్తడి దీపానికి కావాలి. వైరు గొలుసు కన్నా కాస్త పొడవుగా, వదులుగా ఉండాలి, బరువు ఒక్క గ్రాము కూడా దాని మీద పడకూడదు. ఇత్తడిలోకి వైరు దూరే రంధ్రానికి రబ్బరు బుష్ వేయించండి, లేకపోతే అంచు తొడుగుని కోస్తుంది. 9 వాట్ల ఎల్ఈడీ చాలు. మీటరు బోర్డులో 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) లేకపోతే ఈ పనితో పాటే పెట్టించండి, ఇల్లంతటికీ మేలు. ఇన్వర్టర్ ఉంటే మెయిన్ కట్టేసినా లైటు తీగల్లో కరెంటు ఉంటుంది. ఇన్వర్టర్‌ని కూడా ఆపాకే మిస్త్రీని నిచ్చెన ఎక్కనివ్వండి.

మరిది చెప్పిన ఫ్యాను కొక్కెం బరువుకి చాలవచ్చు. స్లాబు పోసేటప్పుడే ఊచలకి కట్టిన కొక్కెం అయితే, తుప్పు లేకపోతే, నీళ్ల క్యాను పరీక్షకి నిలిస్తే, దీపాన్ని మోస్తుంది. కానీ ఆ గదిలో దాని కింద మంచం ఉంటుంది, ఫ్యాను పోతుంది, వేసవికి మళ్లీ ఫ్యాను కావాలని దీపం దించేస్తారు. ఆ దించడం అత్తగారికి మరో గాయం. ఒకే కొక్కేనికి రెండూ కట్టడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు.

చోటు ఏదైనా గొలుసు సంగతి మరవకండి. దీపం పడేది కొక్కెం ఊడి మాత్రమే కాదు, లంకె విచ్చుకుని కూడా. ఒక్కో లంకెనీ వేళ్లతో తిప్పి చూడండి. అతుకు తెరిచి ఉన్నా, లంకెలు రాసుకునే చోట మందం పదో వంతుకు మించి అరిగినా బాగు చేయించాలి. సరవకోట దగ్గర బుడితిలో ఇత్తడి పని చేసేవాళ్లున్నారు, మీకు దగ్గరే. తగరం మాటు వద్దని, ఇత్తడి మాటే వేయమని గట్టిగా చెప్పండి. తగరం మాటు గిన్నె చిల్లుకి సరిపోతుంది కానీ లాగే బరువుకి విడిపోతుంది. గొలుసుని రింగుకి కలిపే చోట ఎస్ ఆకారపు కొక్కెం బదులు 6 మిల్లీమీటర్ల డి-షాకిల్ (ఇంగ్లీషు డి ఆకారంలో ఉండి, పిన్నుతో మూసుకునే లంకె) పెట్టి పిన్ను బిగించండి.

ఇక మనుషుల సంగతి. అత్తగారు అడుగుతున్నది నూనె దీపం, తన గదిలో. మీవారు అడుగుతున్నది హాల్లో అందమైన వెలుగు. ఈ రెండూ ఒకే దీపం తీర్చాలని ఎవరూ శాసనం చేయలేదు. పాత దీపాన్ని పట్టాతో నడిమింటి దూలానికి కట్టి, హాలుకి కిలో లోపు బరువున్న కొత్త దీపం ఒకటి కొంటే ఇద్దరి మాటా నిలుస్తుంది. దానికీ కొక్కెం స్లాబుకే వేయించండి. ఖర్చు పెరుగుతుంది, పని రెండింతలవుతుంది. నా మనసు ఇటే మొగ్గుతోంది. దూలం చివర పుచ్చిపోతే మాత్రం ఈ కార్తీకానికి అది కుదరదు. అప్పుడు హాలే మిగులుతుంది, నూనె ఉండదు. ఆ మాట అత్తగారికి మీరు కాకుండా ఆవిడ కొడుకు చెప్పాలి, స్క్రూడ్రైవరు దిగిన చోటు చూపించి చెప్పాలి.

పరీక్ష పెట్టే రోజున అత్తగారిని పిలిచి ఎదురుగా కుర్చీ వేసి కూర్చోబెట్టండి. "అత్తయ్యా, మీ దీపం మళ్లీ దించే అవసరం రాకుండా కడదాం, మీరే చూడండి" అనండి. ఇన్నాళ్లూ మీరు పిల్లల భయం చెప్పారు, ఆవిడకది దీపం మీద విముఖతలా వినిపించింది. దీపం పడితే సొట్టపోయేది ఆవిడ పుట్టింటి ఇత్తడే. అక్కణ్నుంచి మొదలు పెడితే మీ ఇద్దరి భయమూ ఒకటేనని ఆవిడకే తెలుస్తుంది. మిస్త్రీ మీద కోపం తెచ్చుకోమని మీవారికి చెప్పకండి, ఆ నీళ్ల క్యాను ఎత్తి కట్టే పని ఆయనకే అప్పగించండి.

ఈ పనులన్నిటికీ రెండు వారాలు పడుతుంది. అప్పటిదాకా దీపాన్ని గోనెసంచిలో ఉంచకండి. గొలుసు విప్పి పక్కన పెట్టి, వెడల్పాటి పళ్లెంలో నాలుగంగుళాల ఎత్తు బియ్యం పోసి, అందులో దీపాన్ని కదలకుండా కూర్చోబెట్టి, దేవుడి పీట మీద పెట్టండి. ఇవాళ సాయంత్రమే అత్తగారి చేత వెలిగించండి.